పోలింగు రోజు తాత తుపాకీ ఎక్కడుండాలి: ఒక సినిమా ఫైటుకు ఆయుధ సలహా

ఈ కేసు ఒక తెలుగు సినిమాలోని రెండు ఫైట్లది. మొదటిది జమ్మలమడుగు పక్క పల్లెలో రాత్రిపూట ఇంటి మీద దాడి. రెండోది గండికోటలో పట్టపగలు జరిగే ముగింపు పోరు. సినిమా పేరు గానీ, మనుషుల పేర్లు గానీ చెప్పను, యూనిట్‌తో ఒప్పందం అట్లాంటిది. నేను జిల్లా ఏఆర్‌లో, అంటే పోలీసు సాయుధ రిజర్వులో, ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. తుపాకులు విప్పడం, పుల్‌త్రూ వేసి తుడవడం, బిగించడం, రౌండ్ల లెక్క అప్పజెప్పడం, ఇదే నా సర్వీసంతా. ఇప్పుడు సీమకు షూటింగుకొచ్చే యూనిట్లకు ఆయుధాల విషయంలో సలహా చెబుతుంటాను.

కథ 1999 ఎన్నికల నాటిది. ఊళ్లో రెండు వర్గాలు. పోలింగు ముగిసిన రాత్రి ప్రత్యర్థులు తాత ఇంటి మీదికి వస్తారు, తాతా మనవడూ ఎదురు నిలుస్తారు. నా చేతికిచ్చిన కాగితాల్లో తాతకు త్రీనాట్‌త్రీ, మనవడికి, అంటే హీరోకి రివాల్వర్, ప్రత్యర్థులకు ఏకే-47లు, ఊళ్లో పికెట్ పోలీసులకు ఇన్సాస్ రైఫిళ్లు రాసుకున్నారు. తెల్లారేలోపు మూడు సుమోలు పేలాలి. దెబ్బ తిన్నోడల్లా గాల్లోకి ఎగిరి పడాలి.

మనుషులు ఎగరడం మీదే నేను గొడవ పెట్టుకుంటానని డైరెక్టర్ అనుకున్నాడు. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకొని వచ్చినట్టున్నాడు. నేను దాని జోలికే పోలేదు. ఒక్కో తుపాకీ మీద వేలు పెట్టి, "సార్, ఇది ఈ ఇంట్లోకి ఎట్లా వచ్చింది?" అని అడిగాను. నా పని పద్ధతే అది. తూటా చేసే పనిలో సినిమా ఎంత అబద్ధమైనా ఆడొచ్చు. ఆ తుపాకీ ఎవరిది, ఎవరిచ్చారు, దాన్ని పట్టుకునే మనిషికి దాంతో ఎంత అలవాటు, ఈ సంగతుల్లో మాత్రం అబద్ధం ఆడితే మా జిల్లా ప్రేక్షకుడు కుర్చీలో వెనక్కి వాలి సెల్లు తీస్తాడు.

తాత రైఫిల్

త్రీనాట్‌త్రీ అంటే మనవాళ్లకు ముద్దు. ఆ మాటలోనే పోలీసు స్టేషను వాసనుంది. కానీ ఆ త్రీనాట్‌త్రీ, అంటే .303, మన చట్టంలో నిషేధిత బోరు (బోరంటే గొట్టం లోపలి కొలత). 9 ఎంఎం, .455 కూడా అంతే. మామూలు లైసెన్సు మీద అవి దొరకవు. పెద్ద కమతం ఉన్న రైతు ఇంట్లో లైసెన్సు మీద ఉండేవి 12 బోరు సింగిల్ బ్యారెలో డబుల్ బ్యారెలో, .32 రివాల్వరో, .315 రైఫిలో. తాత చేతిలో .303 ఉందంటే అది స్టేషన్ నుంచి పోయిన తుపాకీ అయినా అయ్యుండాలి, ఆయన వెనక ఇంకో కథైనా ఉండాలి. స్క్రిప్టులో తాత ఊరికి పెద్దమనిషి, చట్టం అంటే గౌరవం ఉన్నవాడు.

ఇక్కడ నా పని సులువైంది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే .315 స్పోర్టింగ్ రైఫిల్‌ది పాత లీ-ఎన్‌ఫీల్డ్, అంటే మన .303, బోల్టే (ప్రతి దెబ్బకూ చేత్తో లాగి తోసే కడ్డీ). సైన్యం వాడే తూటా బయటివాళ్ల చేతికి పోకూడదని బ్రిటిష్ కాలంలో తెచ్చిన బోరు ఇది. దూరం నుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా మ్యాగజైన్‌లో ఉంది. .303లో 10 రౌండ్లు పడితే ఇందులో 5 పడతాయి. ఆర్ట్ డిపార్ట్‌మెంటు అప్పటికే తయారు చేయించిన డమ్మీల్లో ఒకదాన్ని పెద్దగా మార్చకుండానే సరిపెట్టుకోవచ్చు.

డైరెక్టర్‌కు 5 అనే అంకె నచ్చలేదు. "పది ఉంటే బాగుంటుంది కదా సార్" అన్నాడు. ఎదురుగా వచ్చేవాళ్లు ఎంతమంది అని అడిగాను. ఎనిమిది మంది. ఎనిమిది మందికి పది తూటాలుంటే తాత కొట్టుకుంటూ పోతాడు, చూసేవాడికి లెక్కతో పనిలేదు. ఎనిమిది మందికి అయిదే ఉంటే మూడోది పేలాక హాల్లో ప్రతివాడూ వేళ్లు మడుస్తాడు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత పెన్ను తీశాడు.

డిపాజిట్ రసీదు

అసలు చిక్కు దీని తర్వాత వచ్చింది. ఎన్నికల నోటిఫికేషన్ పడ్డాక లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేయిస్తారు. ఫలితాలొచ్చాక వెనక్కిస్తారు. ఫ్యాక్షన్ ఊళ్లలోనైతే స్టేషన్ నుంచి కానిస్టేబులే ఇంటికొచ్చి గుర్తు చేసి పోతాడు. మా ఆర్మరీ పక్క గదిలో ఎన్నికలప్పుడు వరసగా నిలబెట్టిన డబుల్ బ్యారెళ్లు, వాటి ట్రిగ్గర్ గార్డులకు దారంతో కట్టిన చీటీలు నాకు ఇప్పటికీ గుర్తే. అప్పట్లో లైసెన్సున్న ఒక మనిషి 3 తుపాకులు ఉంచుకోవచ్చు. 2019 సవరణతో అది 2 అయింది. తాత దగ్గర ఎన్ని ఉన్నా పోలింగు రాత్రి అవన్నీ స్టేషన్లోనే ఉండాలి. ఇంట్లో ఉండేది రసీదు కాగితం ఒక్కటే.

చెప్పగానే గదిలో నిశ్శబ్దం. ఫైటు మాస్టరు మద్రాసు మనిషి. ఆయనే ముందు తేరుకొని, "అయితే రోజు మార్చేద్దాం పెద్దాయనా, పోలింగు బదులు పెళ్లిరోజు పెడదాం" అన్నాడు. అట్లా చేసినా తప్పులేదు. కానీ పోలింగు రాత్రి దాడికి రావడంలోనే ప్రత్యర్థుల తెలివి ఉంది. తాత ఇంట్లో తుపాకీ లేదని వాళ్లకు తెలుసు, అందుకే ఆ రాత్రి వస్తారు. కథ రాసిన కుర్రాడు ఎగిరి గంతేశాడు. రెండు నెలలుగా "వాళ్లు ఇవాళే ఎందుకొస్తారు?" అన్న ప్రశ్నకు జవాబు దొరక్క ఆగిపోయి ఉన్నాడట.

అట్లా తాత ఇంటి ఫైటు మొత్తం మారింది. తాత బీరువాలోంచి తీసేది రసీదు. ఇంట్లో మిగిలిన ఆయుధం జీతగాడి నాటు తుపాకీ, చేనిమీద పడే అడవిపందుల కోసం పెట్టుకున్నది. పంట కాపలాకు మూతినుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఆయుధాల చట్టంలోనే ఉంది. కానీ ఇది లైసెన్సు లేనిది, అందుకే డిపాజిట్ కాకుండా మిగిలింది. దీంతో కొట్టగలిగేది ఒక్క దెబ్బ. మళ్లీ మందు పోసి, గుడ్డ దట్టించి, సీసం రవ్వలు వేసి, కడ్డీతో కూరి, మందును అంటించే చిన్న టోపీ పెట్టాలి. చేయి తిరిగినవాడికే అర నిమిషం పడుతుంది, చీకట్లో వణికే చేతులతో అయితే చెప్పనక్కర్లేదు. పాతకాలపు నల్ల తుపాకీమందు కాబట్టి ఒక్క దెబ్బకే గది నిండా తెల్లటి పొగ. కెమెరామన్‌కు ఆ పొగ వరమైంది. మట్టిమిద్దె గవాచిలోంచి పడే వెన్నెల ఆ పొగలో గీతలా కనిపిస్తుందని లైట్లన్నీ మళ్లీ మార్చుకున్నాడు.

హీరో రివాల్వర్ సంగతి తేలడానికి ఎక్కువ సేపు పట్టింది. హీరో చేతిలో తుపాకీ లేకుండా ఎంట్రీ లేదని పైనుంచి మాట. సరే, ఉండనీ. హైదరాబాదు నుంచి వచ్చాడు, డిపాజిట్ చేయకుండా వెంట తెచ్చుకున్నాడు. అది నేరం. నేరం చేసినట్టే చూపించండి, తర్వాత ఆ కేసు వాడి మెడకు చుట్టుకోవాలి అన్నాను. సెకండాఫ్‌లో హీరో స్టేషన్లో కూర్చునే సీను అక్కడినుంచే పుట్టింది. .32 రివాల్వర్‌లో ఆరు గదులు. మొదటి రాతలో హీరో ఆపకుండా పదకొండు సార్లు కాలుస్తాడు. ఆరు దాటితే మళ్లీ నింపుకునే షాట్ ఒకటి పెట్టమన్నాను, పెట్టారు. ఇంకో చిన్న సంగతి: రివాల్వర్ కాల్చిన చోట ఖాళీ షెల్స్ కింద పడవు, గదుల్లోనే ఉంటాయి, విప్పి కుమ్మరిస్తేనే పడతాయి. మన సినిమాల్లో హీరో రివాల్వర్ కాలుస్తుంటే పక్కన షెల్స్ టపటపా రాలడం చూసి నేను లేచిపోయిన సందర్భాలున్నాయి.

ఏకే బదులు గన్‌మ్యాన్

ప్రత్యర్థుల ఏకే-47ల మీద వాదన ఒక పూటంతా నడిచింది. సీమ ఫ్యాక్షన్‌లో చేతి ఆయుధం వేటకొడవలి, విసిరే ఆయుధం నాటుబాంబు. అది అందరికీ తెలిసిన సంగతే. డైరెక్టర్ బాధ వేరే: "బాంబులు, సుమోలు అందరూ చూపించేశారు సార్. ఆటోమేటిక్ చప్పుడు లేకపోతే ట్రైలర్ ఎట్లా కోస్తాను?" ఆయన అవసరం అబద్ధం కాదు. 1999లో ఈ పల్లెలో ఆటోమేటిక్ తుపాకీ ఏ దారిన వస్తుందో నేను వెతికిపెట్టాలి.

దారి ఒకటుంది. ప్రత్యర్థి నాయకుడికి ప్రాణభయం పేరుతో ప్రభుత్వం ఇచ్చిన గన్‌మెన్ ఉంటారు, వన్ ప్లస్ వన్ అనో టూ ప్లస్ టూ అనో. వాళ్ల దగ్గర 9 ఎంఎం కార్బైన్, అంటే పొట్టి ఆటోమేటిక్ తుపాకీ, ఉంటుంది. ఎడమ పక్కకు పొడుచుకొచ్చే వంపు మ్యాగజైన్, అందులో 34 రౌండ్లు. చూస్తేనే పోలీసు తుపాకీ అని తెలిసిపోతుంది. అది ఊళ్లోకి న్యాయంగానే వచ్చింది, యజమాని కానిస్టేబులు. వాడి డ్యూటీ నాయకుణ్ణి కాపాడటం, ఇంకొకరి ఇంటి మీద దాడి చేయడం కాదు. ఆ రాత్రి నాయకుడు "కాల్చురా" అంటే వాడు కాలుస్తాడా?

ఈ ప్రశ్న పడ్డాక ఏకేల మాట మళ్లీ ఎత్తలేదు. గన్‌మ్యాన్ పాత్ర అప్పటిదాకా వెనక నిలబడే జూనియర్ ఆర్టిస్టు వేషం. దానికి నాటకాల్లో పేరున్న నటుణ్ణి పెట్టుకున్నారు. ఆయన వచ్చి నా దగ్గర కూర్చొని అడిగిన మొదటి మాట, "కాల్చాక నాకేమవుతుంది సార్?" ఈ వృత్తిలో ఇంత మంచి ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగలేదు. ప్రతి రౌండుకూ లెక్క చెప్పాలి. డ్యూటీకి ఎన్ని రౌండ్లిచ్చారో రిజిస్టర్లో ఉంటుంది. తిరిగొచ్చినప్పుడు మిగిలిన రౌండ్లతోపాటు పేలినవాటి ఖాళీ షెల్స్ కూడా అప్పజెప్పాలి. ఎందుకు పేల్చావని విచారణ ఉంటుంది. అందుకే మా కానిస్టేబుళ్లు కాల్చడానికంటే షెల్ పోగొట్టుకోవడానికే ఎక్కువ భయపడతారు. ఆయన అది పట్టుకున్నాడు. దాడి అయిపోయాక అందరూ జీపులెక్కుతుంటే ఈ గన్‌మ్యాన్ టార్చి వేసుకొని నేల మీద షెల్స్ ఏరుకుంటాడు. స్క్రిప్టులో ఆ పనికి ఒక్క డైలాగు కూడా లేదు.

కార్బైన్ కాల్చే తీరు గురించి చిన్న లెక్క చెప్పాను. ఇది నిమిషానికి సుమారు 550 రౌండ్ల వేగంతో కొడుతుంది. ట్రిగ్గర్ వదలకుండా పట్టుకుంటే 34 రౌండ్లూ నాలుగు సెకన్లలోపే అయిపోతాయి. వాళ్లు వదులుకున్న ఏకే అయితే నిమిషానికి 600 చొప్పున 30 రౌండ్లకు మూడే సెకన్లు. స్క్రిప్టులో "ఇరవై సెకన్లు ఆపకుండా" అని రాసి ఉంది. దాన్ని రెండేసి మూడేసి రౌండ్ల చిన్న వరసలుగా విడగొట్టాం. చప్పుడు ఎక్కువసేపు వచ్చింది, అబద్ధం తగ్గింది, మధ్య మధ్య వాడి మొహం చూపించడానికి చోటు కూడా దొరికింది.

పికెట్ పోలీసుల ఇన్సాస్‌లు మాత్రం మాటలేకుండా తీసేయించాను. 1999లో కార్గిల్ యుద్ధం నాటికి సైన్యానికే అది కొత్త తుపాకీ, అప్పటి పల్లె పికెట్ చేతికి ఎక్కడొస్తుంది? వాళ్లకు ఇవ్వాల్సింది ఆ త్రీనాట్‌త్రీలే. తాత కోసం తయారైన డమ్మీల్లో మిగిలినవి అట్లా చేరాల్సిన చోటికే చేరాయి.

పట్టుకోవడం

డమ్మీ తుపాకీకి బరువుండదు, ఎదురుదెబ్బ ఉండదు. ఫైబర్‌తో చేసిన రైఫిల్ కిలో దాటదు, అసలుది నాలుగు కిలోల దాకా ఉంటుంది. ఆ మూడు కిలోల తేడా నటుడి భుజంలో, మోచేతిలో, నడకలో కనిపించేస్తుంది. మొదటి రోజు రిహార్సల్లో జూనియర్ ఆర్టిస్టులుగా వచ్చిన ఊరివాళ్లలో ఒకాయన హీరో తమ్ముడి వేషగాణ్ణి చూసి నాతో అన్న మాట: "ఏందన్నా, ఆయప్ప తుపాకిని ఖాళీ బిందె మోసినట్ల మోచ్చాండాడే?" ఆ మాట డైరెక్టర్ చెవిన పడింది. మర్నాడు డమ్మీల బట్టుల్లో, అంటే భుజానికి ఆనే వెనక భాగాల్లో, ఇసుక, సీసం పోయించారు.

తాత వేషం వేసిన గురువుగారికి డెబ్బయ్యేళ్లు దాటాయి. ఆయనకు నేర్పింది నాలుగు సంగతులు. బట్టు భుజం గుంటలో కూర్చోవాలి, ఎముక మీద కాదు. చెంప కట్టెకు ఆనాలి. కొట్టేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, గార్డు బయటే ఉండాలి. నాలుగోది బోల్టు. మన సినిమాల్లో ప్రతివాడూ ఒక దెబ్బ కొట్టి తుపాకీ కిందికి దించి, నడుము దగ్గర పెట్టుకొని బోల్టు లాగుతాడు. అలవాటున్నవాడు భుజం మీంచి దించడు. కన్ను గురి మీదే ఉంటుంది, అరచేతితో బోల్టు ఎత్తి, లాగి, తోసి, దించేస్తాడు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటిష్ సైనికులు ఇదే బోల్టున్న రైఫిల్‌తో 300 గజాల దూరాన నిమిషానికి 15 రౌండ్లు గురి చూసి కొట్టేలా తర్ఫీదు పొందేవాళ్లు. రౌండుకు నాలుగు సెకన్లు, మధ్యలో మ్యాగజైన్ నింపుకోవడంతో కలిపి. తాత అంత వేగంగా కొట్టాలని నేను అడగలేదు. ఆ వయసు మనిషి నిదానంగా కొట్టినా, ఒక్క కదలికా వృథా కాకపోతే యాభై ఏళ్లుగా ఆ తుపాకీ ఆయనదేనని నమ్ముతారు. గురువుగారు హోటల్ గదిలో రాత్రిళ్లు చీపురు కట్టతో సాధన చేశారని తర్వాత తెలిసింది.

వదిలేసినవి

గాల్లో ఎగరడం గురించి డైరెక్టరే చివరికి తనంతట తాను అడిగాడు. లెక్క చెప్పాను. 12 బోరు తూటాలో రవ్వలు సుమారు 32 గ్రాములు, వేగం సెకనుకు 400 మీటర్ల దగ్గర. అదంతా 70 కిలోల మనిషి ఒంట్లోనే ఆగిపోయినా వాడికి వచ్చే వేగం సెకనుకు 18 సెంటీమీటర్లు. మనం మామూలుగా నడిచే వేగం అంతకు ఏడు రెట్లు. పైగా ముందుకు ఎంత తోపు పోతుందో కాల్చినవాడి భుజానికీ అంతే తోపు వస్తుంది. తగిలినవాడు ఎగరాలంటే కాల్చినవాడూ ఎగరాలి. తూటా తగిలిన మనిషి ఉన్నచోటే కుప్పకూలుతాడు, లేకపోతే తగిలిన సంగతి తెలియక నాలుగడుగులు నడుస్తాడు.

డైరెక్టర్ నవ్వి, "అయితే ఎవరూ ఎగరకూడదా?" అన్నాడు. ఎగరనివ్వండి అన్నాను. ఒక్కణ్ణి. ప్రతివాడూ ఎగిరితే రోప్ కనిపిస్తుంది. ఒక్కడే ఎగిరితే అది తాత కోపం. ఎనిమిది మందిలో నాయకుడి బావమరిది ఒక్కడికే రోప్ కట్టారు. మిగతావాళ్లు కూలిపోయారు. హాల్లో ఈల పడింది ఆ ఒక్కడికే.

హీరో పరిగెత్తే జీపు టైరును రివాల్వర్‌తో వంద మీటర్ల నుంచి కొట్టడం కూడా వదిలేశాను. అట్లాంటివి హీరో జీతంలో భాగం. పెట్రోలు ట్యాంకు మాత్రం వదల్లేదు. సీసం తూటా తగిలితే ట్యాంకు కారుతుంది, పేలదు. మూడు సుమోలు మూడు తూటాలకు పేలడం మరీ మోటు. బాంబులు ఉన్న ఊళ్లో బండి పేలడానికి తూటా ఎందుకు? ఒక బండి కిందికి నాటుబాంబు దొర్లింది, ఆ ఒక్కటే పేలింది. మిగిలిన రెండు సుమోల బడ్జెట్ గండికోటకు మళ్లిందని ప్రొడక్షన్ మేనేజర్ నాకు ప్రత్యేకంగా టీ పంపాడు.

కారు తలుపు చాటున దాక్కోవడం కూడా మార్చాం. రైఫిల్ తూటాకు తలుపు రేకు అడ్డం కాదు, అడ్డమయ్యేది ఇంజను. జీపు వెనక కాకుండా ముందు చక్రం దగ్గర నక్కితే సరిపోతుంది. ఎర్రగుంట్ల వైపు నాపరాళ్లతో కట్టిన దొడ్డిగోడలు ఎక్కడ చూసినా ఉంటాయి. వాటిని వాడుకోమంటే కెమెరామన్‌కు అదే నచ్చింది.

ఇందులో బేరం లేదు

ఇంతవరకు చెప్పినవన్నీ బేరమాడేవి. భద్రత అట్లా కాదు. అసలు తుపాకీ, అసలు తూటా సెట్టు గేటు లోపలికి రాకూడదు. ఏ పెద్దమనిషి తన లైసెన్సు తుపాకీ చూపిస్తానని వచ్చినా సరే. మర్యాదగా బయటికి పంపడానికి ఒక మనిషిని పెట్టించాను, ఎందుకంటే మా వైపు అట్లాంటి పెద్దమనుషులు తప్పకుండా వస్తారు.

బ్లాంకు, అంటే మందు మాత్రమే ఉండి తూటా లేని రౌండు, చప్పుడు మాత్రమే అనుకునేవాళ్లకు మూడు సంఘటనలు చెబుతాను. 1984లో అమెరికాలో జాన్-ఎరిక్ హెక్సమ్ అనే నటుడు షూటింగు విరామంలో బ్లాంకు ఉన్న రివాల్వర్‌ను సరదాగా కణతకు ఆనించి నొక్కాడు. తూటా లేదు, బ్లాంకు దెబ్బకే ప్రాణం పోయింది. 1993లో బ్రాండన్ లీ చనిపోయింది ఇంకో రకంగా. సరిగా తయారుచేయని డమ్మీ తూటా ముక్క అంతకుముందే గొట్టంలో ఇరుక్కుపోయింది, దాని వెనక బ్లాంకు పేలింది. 2021 అక్టోబరులో న్యూ మెక్సికోలో కెమెరామన్ హలీనా హచిన్స్ మరణానికి కారణం సెట్టు మీదికి వచ్చిన అసలు తూటా. అక్కడి ఆర్మరర్‌కు 2024లో 18 నెలల శిక్ష పడింది. నా వృత్తిలో ఉన్నవాడు ఆ చివరి వాక్యం గోడకు రాసి పెట్టుకోవాలి.

మా సెట్టులో మెరుపు కోసం వాడింది గ్యాసు మంటతో పనిచేసే డమ్మీలే. వాటికీ అదే నియమం: మనిషి మీదికి నేరుగా గురిపెట్టకూడదు. కొద్దిగా పక్కకు పెడితే లెన్సు ఆ తేడాను మింగేస్తుంది. షాటుకు ముందు నేనే ఇవ్వాలి, కట్ అన్నాక నేనే తీసుకోవాలి. కార్బైన్ డమ్మీతో సెల్ఫీ తీసుకుంటున్న అసిస్టెంటును ఒకరోజు బస్సు దగ్గర పట్టుకున్నాను. సాయంత్రం చీకట్లో ముద్దనూరు రోడ్డు మీద అది బండి కిటికీలోంచి కనిపిస్తే చూసినవాడికి ఫైబరో ఇనుమో ఎట్లా తెలుస్తుంది? డమ్మీల జాబితా, ఏ రోజు ఎక్కడ చప్పుళ్లు అవుతాయో ముందే స్టేషన్లో రాసిచ్చాం, ఊళ్లో దండోరా వేయించాం. ఎన్నికల గొడవల కథ తీస్తూ ఊళ్లో నిజం గొడవ రేపకూడదు గదా.

గండికోట

ఫలితాలు వచ్చాయి, తాత రైఫిల్ వెనక్కొచ్చింది. ఇక అయిదు తూటాల పోరు. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ధాన్యాగారం గోడకు మేకు కొట్టడానికి వీల్లేదు, తూటా తగిలినట్టు చూపించే చిన్న మందుపొట్లం అంటించడం అసలే కుదరదు. అందుకే దూరపు షాట్లన్నీ నిజం కోటలో తీశారు, గోడకు తూటాలు తగిలే దగ్గరి షాట్లు కోట బయట ఖాళీ స్థలంలో కట్టిన గోడ ముక్క మీద. ఆ ఎర్రరాయి రంగు కుదరడానికి ఆర్ట్ డైరెక్టర్ నానా తంటాలు పడ్డాడు.

రాతికి తగిలినప్పుడల్లా నిప్పురవ్వలు కావాలన్నాడు ఫైటు మాస్టరు. సీసం మీద రాగి తొడుగున్న తూటా రాతికి తగిలితే రవ్వలు రావు, దుమ్ము లేస్తుంది, పెచ్చు ఊడుతుంది. ఎండలో రవ్వలు కనిపించవు కూడా, దుమ్మైతే కనిపిస్తుంది. ఈ రెండో మాటకే ఆయన ఒప్పుకున్నాడు. నిజం అని చెబితే సినిమావాళ్లు వినరు, కెమెరాకు బాగుంటుందని చెబితే వింటారు. నేను నేర్చుకున్న కిటుకు ఇదొక్కటే.

చప్పుడు పని గండికోటలో అన్నిటికంటే నాకు ఇష్టమైన పని. చప్పుడు సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పెన్న లోయకు అవతల రాతిగోడ 170 మీటర్ల దూరంలో ఉంటే ప్రతిధ్వని సరిగ్గా సెకనుకు తిరిగొస్తుంది. రైఫిల్ తూటా ధ్వనికంటే వేగంగా పోతుంది కాబట్టి దూరాన ఉన్నవాడికి ముందు తూటా పక్కనుంచి పోయే పగులు చప్పుడు వినిపిస్తుంది, తుపాకీ మోత తర్వాత వస్తుంది. సౌండ్ కుర్రాళ్లు లోయ అంచున నిలబడి పెద్ద బెలూన్లు పగలగొట్టి, ఆ ప్రతిధ్వనిని రికార్డు చేసుకున్నారు. హైదరాబాదులో రైఫిల్ మోతకు దాన్ని తొడిగారు. సినిమాలో తాత కొట్టిన మొదటి తూటాకు లోయ జవాబిస్తుంది చూడండి, అది గండికోట లోయ చప్పుడే.

పగులు ముందు, మోత తర్వాత అన్న తేడాను ఒక్కచోటే ఉంచారు, అయిదో తూటా దగ్గర. మిగతా నాలుగింటికి మెరుపు, మోత, తగలడం ఒకేసారి. ఉంచిన ఆ ఒక్కచోట హాల్లో పక్క సీటతను "ఏందిది, సౌండు లేటైంది" అన్నాడు. అందుకే నాలుగింట్లో తీసేశారు, ఆ నిర్ణయంతో నాకు పేచీ లేదు.

ఇంకా మిగిలిన తప్పులు

విడుదలైన సినిమాలో సరికానివి ఉన్నాయి. హీరో రివాల్వర్ పైకెత్తినప్పుడల్లా ఒక క్లిక్ వినిపిస్తుంది, వెనకుండే గుర్రం, అంటే రౌండును కొట్టే సుత్తి, లాగకపోయినా. ఎడిటింగులో ఒక షాటు ముందువెనకలైనందున పికెట్ కానిస్టేబులు ఒకడు బోల్టు లాగకుండా రెండుసార్లు కాలుస్తాడు. గండికోటలో తాత నాలుగో తూటాకూ అయిదో తూటాకూ మధ్య ఒక మోత అదనంగా పడింది. వేళ్లు మడిచి లెక్కపెట్టినవాళ్లు పట్టుకున్నారు. అది వెనకనుంచి పికెట్ కాల్చిన దెబ్బ అని యూనిట్ వాళ్లు చెప్పుకుంటున్నారు.

ట్రైలర్లో మాత్రం తాత బోల్టు లాగే షాటుకు పంప్ గన్ చప్పుడు వేశారు. ఫోన్ చేసి అడిగితే డైరెక్టర్, "సార్, అది ట్రైలర్ కటింగు ఏజెన్సీ పని, వాళ్ల దగ్గరున్న చప్పుడు అదే" అన్నాడు. అసలు బోల్టు చప్పుడు ఫైలు సౌండ్ కుర్రాళ్ల నుంచి తెప్పించి ఆయనకు పంపాను. రెండో భాగం ట్రైలర్‌కు వాడతామని మాట ఇచ్చారు.